పొడుగు చేతుల గౌను

నర్సింగ్ మూడో ఏడు పరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో, భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక మిషన్ ఆసుపత్రికి వాలంటీరుగా వెళ్ళాను. విదేశాల నుంచి డాక్టర్ల బృందం వస్తోందనీ, ఇంగ్లీషు, తెలుగు రెండూ మాట్లాడగలిగిన అమ్మాయి కావాలనీ మా కాలేజీ మేడమ్ చెప్పింది. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో ఆ మాట చెప్పగానే అమ్మ ఒప్పుకుంది. నాన్న మాత్రం తలూపలేదు. ఆయన బొగ్గు గనిలో పనిచేసినవాడు, అడవి ఊళ్ళ గాలీ నీరూ తెలిసినవాడు.

"గా అడవిల ఏం చూస్తవ్ బిడ్డా? జరం పట్టుకొని వస్తవ్," అన్నాడు.

నేను నవ్వేశాను. సేవ అనే మాట వింటే చాలు, ఒళ్ళు పులకరించే వయసు నాది. తెల్లకోటు వేసుకున్న పరదేశీ డాక్టర్ల పక్కన నిలబడి, మందూ మాకూ లేని జనానికి ఆసరా అవుతున్నట్టు బస్సులో కూర్చున్నంతసేపూ ఊహించుకున్నాను.

గోదావరి వంతెన దాటాక ఇంకో బస్సు ఎక్కి, చివర ఆటోలో ఇరుక్కుని ఆసుపత్రి గేటు దగ్గర దిగాను. మిట్టమధ్యాహ్నం. ముందు కనిపించింది కొత్తగా సున్నం వేసిన రెండంతస్తుల భవనం. కిటికీలకు దోమతెరలు, గోడలకు ఏసీలు, వాకిట్లో పూలకుండీలు. ఇదే ఆసుపత్రి అనుకుని చెప్పులు విడిచి మెట్లెక్కబోయాను. వాచ్‌మన్ కేకేశాడు.

"అటు కాదమ్మా, గది గెస్టుల బంగ్లా. దవాఖానా వెనక ఉంది."

వెనక రేకుల కప్పు కింద పొడుగాటి వార్డు. లోపల అడుగు పెట్టగానే వేడి మొహాన కొట్టింది. కరెంటు పోయి ఉంది. జెనరేటర్ మాత్రం చప్పుడు చేస్తూనే ఉంది. దాని తీగ బంగ్లాలోకి వెళ్తుందనీ, ఆపరేషన్లు ఉన్నప్పుడు మాత్రమే థియేటర్‌కు కలుపుతారనీ తర్వాత తెలిసింది. పేషెంట్లు మంచాలు వదిలేసి సిమెంటు నేల మీద పడుకున్నారు. నేలే కొంచెం చల్లగా ఉంటుందట.

ఆ వార్డును నడిపేది ఒక పెద్దావిడ. అందరూ డాక్టరమ్మ అనేవాళ్ళు. ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయిన ఒకే ఒక్క డాక్టరు. నన్ను పైనుంచి కిందికి చూసి, "భోజనం చేశావా? ముందు చెయ్యి. తర్వాత చాలా మాట్లాడాల్సి ఉంటుంది," అంది.

నిజంగానే ఆ ఎండాకాలమంతా నేను చేసింది మాట్లాడటమే. అదీ సగం సగం. వచ్చే జనంలో ఎక్కువమందికి తెలుగు రాదు, కోయ మాట. కొందరు సరిహద్దు అవతలి ఊళ్ళ నుంచి కొండలు దిగి నడిచి వచ్చేవాళ్ళు. తెల్లవాళ్ళు ఇంగ్లీషులో అడిగింది నేను తెలుగులో చెప్పాలి. నా తెలుగును వార్డు ఆయా కోయలోకి మార్చాలి. జవాబు మళ్ళీ అదే దారిలో వెనక్కి రావాలి. పేషెంటు చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పుకునేది. ఆయా నా వైపు తిరిగి, "కడుపుల నొస్తుందంట," అనేది. అంతే.

"అంతసేపు చెప్పింది కదా పెద్దమ్మా, ఇంకేమన్నది?"

"ఇంటి ముచ్చట్లు బిడ్డా. దొరలకు గవెందుకు?"

ఇల్లు వదిలి ఇంత దగ్గరికే వచ్చినా, పరదేశం వచ్చింది ఆ తెల్లవాళ్ళు కాదు, నేనే అనిపించేది.

బృందంలో ఒక పెద్ద సర్జన్, ఇద్దరు ముగ్గురు నర్సులు, మిగతావాళ్ళు ఇంకా చదువుకుంటున్న పిల్లలు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. చెమటలు కారుతున్నా నవ్వుతూ తిరిగేవాళ్ళు. కానీ ఏ పిల్ల కనిపించినా ముందు ఫోన్ బయటికి వచ్చేది. మా కాలేజీలో పేషెంటు ఫోటో తీస్తే మేడమ్ ఊరుకునేది కాదు. ఇక్కడ అడిగినవాళ్ళదే తప్పన్నట్టు ఉండేది. మొదటి రోజే నేను ఆ మాట అంటే డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "వాళ్ళు పంపే మందులతోనే ఈ వార్డు నడుస్తోందమ్మా. తీసుకోనీ," అంది. ఆవిడ కళ్ళు నా వైపు లేవు.

ఆ మొదటి వారంలోనే ఒక తల్లి తన కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. సరిహద్దు అవతలి ఊరు. పిల్లకు ఆరేడేళ్ళుంటాయి. చలికాలంలో మంట పక్కన పడుకుని నిద్రలో నిప్పుల్లోకి దొర్లిందట. కాలిన గాయం మానింది కానీ, మానేటప్పుడు మోచేతి దగ్గర చర్మం అతుక్కుపోయింది. కుడి చెయ్యి మడిచిన కొడవలిలా ఛాతీకి ఆనుకుని ఉండేది. చాచడానికి లేదు. విదేశీ డాక్టర్లు చెయ్యి చక్కగా చేస్తారని సంతలో ఎవరో చెబితే నడిచి వచ్చింది.

పెద్ద సర్జన్ నేల మీదే కూర్చుని ఆ చేతిని చాలాసేపు చూశాడు. ఫోన్ తీయలేదు. తొడ నుంచి చర్మం తీసి అక్కడ వెయ్యాలనీ, తప్పకుండా చెయ్యి చాచగలదనీ చెప్పాడు.

"కానీ ఆలస్యం చెయ్యకూడదు. పెరిగే పిల్ల. రోజులు గడిచేకొద్దీ కీలు బిగుసుకుపోతుంది. రేపే చేద్దాం."

నేను ఆయాకు చెప్పాను, ఆయా తల్లికి చెప్పింది. తల్లి కూతురి తలను తన ఒడిలోకి లాక్కుంది. ఆ రోజు నాకు, నేను వచ్చింది ఇందుకే అనిపించింది. ఆ తృప్తి ఒక్క పూట మాత్రమే నిలిచింది.

సాయంత్రం సూపరింటెండెంటు గారు సర్జన్ గదికి వచ్చారు. ఆసుపత్రి వ్యవహారాలన్నీ ఆయన చేతుల్లోనే ఉండేవి. నేను అక్కడే మందుల డబ్బాలు సర్దుతున్నాను. దాతలు వచ్చే వారం వస్తున్నారనీ, వాళ్ళతో వీడియో తీసే అతను కూడా వస్తున్నాడనీ, ఈ పిల్ల కేసు వాళ్ళు చూస్తే బాగుంటుందనీ ఆయన మెల్లగా చెప్పుకొచ్చారు. మొదట సర్జన్ ఒప్పుకోలేదు. మళ్ళీ మళ్ళీ అడిగాక, "ఒక్క వారమే కదా," అన్నాడు. నుదురు రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు తల్లి పిల్లకు స్నానం చేయించి, జుట్టు దువ్వి, వార్డు గుమ్మంలో కూర్చోబెట్టి ఉంది. వచ్చే వారమని నేను చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. ఆయాతో మాత్రం ఏదో అంది.

"ఏమంటుంది పెద్దమ్మా?"

"తునికాకు దినాలు గదా బిడ్డా. ఊళ్ళె అందరు ఆకు కోస్తున్నరు. కల్లం మీద కొనేటోల్లు కూడ వచ్చిండ్రంట. ఇప్పుడు పోకుంటే ఏడాదంత ఏం జేసుడని అంటుంది."

"మరి పోయి వస్తుందా?"

ఆయా అడిగింది. తల్లి తల అడ్డంగా ఊపింది.

"పోతే నా బిడ్డ వంతు పోతదంటుంది. ఈడనే ఉంటదంట."

బీడీలు చుట్టే ఆ తునికాకు అడవిలో కొద్ది రోజులే దొరుకుతుంది. తర్వాత ముదిరిపోతుంది. ఆ కొద్ది రోజుల కూలీ మీదే వాళ్ళకు ఏడాది ఉప్పూ, బట్టా. ఆమె ఆ రోజులన్నీ మా వార్డు గోడకు ఆనుకుని కూర్చుని గడిపింది. ఎవరైనా తెల్లకోటు వేసుకుని గుమ్మం దాటితే చాలు, కూతుర్ని లేపి నిలబెట్టేది.

తర్వాతి వారం దాతలు కార్లలో దిగారు. ఆ ఉదయం వార్డు కడిగారు, కిటికీలకు తెరలు కట్టారు, మొదటిసారి జెనరేటర్ తీగ వార్డుకు కలిపారు. ఫ్యాన్లు తిరిగాయి. పడుకున్న ముసలాయన ఒకడు లేచి కూర్చుని పైకి చూశాడు. వీడియో అతను పిల్ల చుట్టూ తిరిగాడు. నడవమన్నాడు, కూర్చోమన్నాడు, మడత పడ్డ చెయ్యి చూపించమన్నాడు. ఆ మాటలన్నీ నా నోటి నుంచే వెళ్ళాయి.

థియేటర్లోకి తీసుకెళ్ళే ముందు పిల్ల ఒళ్ళు చూస్తే కాలిపోతోంది. రక్తం పరీక్ష చేశారు. మలేరియా. అడవి నుంచి తెచ్చుకున్నదో, చిరిగిన దోమతెరల వార్డులో అంటుకున్నదో ఎవరికి తెలుసు. ఈ స్థితిలో మత్తు ఇవ్వనని సర్జన్ గట్టిగా చెప్పేశాడు. అందులో ఆయన తప్పు లేదు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే చెప్పేదాన్ని.

అప్పుడు వీడియో అతను ఒకటి అడిగాడు. ఆపరేషన్ లేకపోయినా సరే, స్ట్రెచర్ తలుపుల్లోంచి లోపలికి వెళ్ళేది ఒక్కసారి తీసుకుంటానన్నాడు. సూపరింటెండెంటు గారు తలూపారు. జ్వరంతో వణుకుతున్న పిల్లను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, ఆకుపచ్చ గుడ్డ కప్పి లోపలికి తోశారు. తలుపులు మూశారు. కాసేపాగి మళ్ళీ తెరిచి బయటికి తెచ్చారు.

తల్లికి ఇవేమీ తెలియవు. బిడ్డ లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. ఆమె పరుగెత్తుకు వచ్చి గుడ్డ ఎత్తి చూసింది. చెయ్యి ఎలా ఉన్నది అలాగే ఉంది. మోచేతి దగ్గర రెండు వేళ్ళు పెట్టి తడిమింది. ఇంకోసారి తడిమింది. తర్వాత తలెత్తి ఆయాను కాదు, సర్జన్ను కాదు, నన్ను చూసింది.

నేను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.  ఆయా నా మాట పూర్తయ్యే దాకా ఆగకుండా తనే అంతా చెప్పేసింది.

మందులతో నాలుగైదు రోజుల్లో జ్వరం తగ్గింది. ఈలోగా బృందం వెళ్ళే సమయం వచ్చింది. పిల్ల నీరసంగా ఉందనీ, రక్తం తక్కువగా ఉందనీ, కొన్ని వారాలు ఆగాలనీ సర్జన్ అన్నాడు. "వచ్చే ఎండాకాలం మొదట ఈ పాపకే చేస్తాను. అలా చెప్పు," అని నా చేతులు పట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే. అయినా మర్నాడు పొద్దున్నే అందరితో పాటు పాపికొండల పడవ ప్రయాణానికి వెళ్ళాడు.

వెళ్ళే ముందు రోజు పిల్లలందరికీ బట్టలు పంచారు. చలి దేశం నుంచి వచ్చిన బట్టలు, మందంగా ఉన్నాయి. ఈ పిల్లకు మణికట్టు దాకా చేతులున్న గులాబీ రంగు గౌను తొడిగారు. మడిచిన చెయ్యి ఆ చేతుల్లోకి సరిగా దూరక లోపలే ఉండిపోయింది. ఎడమ చేతికి ఒక బెలూను ఇచ్చారు. బయట నిప్పులు చెరిగే ఎండ. పిల్ల నవ్వింది. ఆరేడేళ్ళ పిల్ల, బెలూను చూస్తే నవ్వదా? కెమెరాలు చప్పుడు చేశాయి.

నేను సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. "సర్, మొదటి వారమే చేసి ఉంటే అయిపోయేది కదా. వీడియో కోసం ఆపారు కదా."

ఆయనది గోదావరి జిల్లాల మాట. కోపం తెచ్చుకోలేదు. "చూడమ్మాయ్, నువ్వింకా చిన్నపిల్లవి. ఒక్క పిల్ల చెయ్యి చూస్తున్నావు నువ్వు. ఆ వీడియో చూసి పదిమంది సాయం చేస్తే ఎంతమంది బాగుపడతారో అది చూడవేం? దేవుడి పనిలో తప్పులు వెతక్కూడదు," అన్నారు.

డాక్టరమ్మ అప్పుడు వరండాలో టీ తాగుతోంది. అంతా విన్నది. నేను బయటికి వచ్చాక, "నేనూ నీలాగే అడిగాను, వచ్చిన కొత్తలో," అని, గ్లాసు కడుక్కోవడానికి లేచి వెళ్ళింది.

తల్లీ కూతుళ్ళు మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయారు. వచ్చే ఎండాకాలం రమ్మని చెప్పాం. ఆయా రెండుసార్లు చెప్పింది. తల్లి తలూపి, పిల్లను చంకనెత్తుకుని రోడ్డు దిగి టేకుచెట్ల మధ్యకు నడిచింది. తునికాకు అప్పటికే ముదిరిపోయింది.

నేను ఖమ్మం వచ్చేశాను. నాన్న నా మొహం చూసి, "జరం రాలె గదా?" అన్నాడు. రాలేదన్నాను.

కొత్త సంవత్సరానికి మా కాలేజీకి ఆ ఆసుపత్రి క్యాలెండరు వచ్చింది. మొదటి పేజీలోనే ఆ పిల్ల. గులాబీ గౌను, బెలూను, నవ్వు. పక్కన చిన్న బొమ్మలో మడిచిన చెయ్యి, ఇంకో బొమ్మలో థియేటర్ తలుపులు. కింద, ఆమె చెయ్యీ ఆమె చిరునవ్వూ తిరిగి వచ్చాయన్న మాటలు. క్లాసులో పిల్లలు చుట్టూ మూగి, "నువ్వు అక్కడే ఉన్నవంట గదా! ఎంత లక్కీనే!" అన్నారు. నేను ఆసుపత్రికి ఫోన్ చేశాను. సూపరింటెండెంటు గారు, పొరపాటున అలా పడిందనీ, వచ్చే ఎండాకాలం ఎలాగూ చేస్తారు కాబట్టి నిజమే అవుతుందనీ చెప్పి పెట్టేశారు.

చదువు అయ్యాక నాకు తిరుమలాయపాలెం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. అక్కడ మిరప కోతల కాలంలో సరిహద్దు అవతలి నుంచి కూలీలు గుంపులుగా వస్తారు. చేల గట్ల మీదే ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని ఉంటారు. ఒకరోజు వాళ్ళకు జ్వరాల పరీక్షలు చెయ్యడానికి చేలోకి వెళ్ళాం. ఎర్రగా పండిన మిరప సాళ్ళ మధ్య ఒక పిల్ల ఎడమ చేత్తో కాయలు తెంపుతోంది. కుడి చెయ్యి మడిచి ఉంది. ఆ మడతలోనే సంచి తగిలించుకుంది. తెంపిన కాయలు అందులో వేస్తోంది. చాలా వేగంగా కోస్తోంది.

నేను గట్టు మీదే ఆగిపోయాను. తల్లి ముందు సాలులో ఉంది. నన్ను గుర్తుపట్టింది. కోతలకు వచ్చీ వచ్చీ ఆమెకు తెలుగు పట్టుబడింది. మా ఇద్దరి మధ్య ఆయా లేకుండా మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"మళ్ళీ ఎండాకాలం వెళ్ళలేదా అమ్మా?" అన్నాను.

"పోయినం. ఆకు ఇడిసిపెట్టి పోయినం. గేటుకాడనే ఆపిండ్రు. ఈ ఏడు తెల్లోల్లు రారు, పొండ్రి అన్నరు."

"డాక్టరమ్మను అడగలేకపోయావా?"

"ఆమె లేదంట. జరమొచ్చి ఊరికి పోయిందంట." మిరపకాయల సంచి కట్టుకుంటూ అడిగింది. "నువ్వు కూడ లేవు గదా?"

 వాలంటీరుకు ఒక ఎండాకాలమే ఉంటుందని ఆమెకు ఎట్లా చెప్పను?

పెద్దాసుపత్రిలో చేయిద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. చేను యజమాని పిలుస్తున్నాడని వెళ్ళిపోయింది. నేను మర్నాడు వెళ్ళాను, ఆ తర్వాత కూడా వెళ్ళాను. నాలుగోసారో ఐదోసారో, "నువ్వు కూడ ఉంటవా?" అంది. ఉంటానన్నాను. కోతలు అయిపోయాకే వస్తానంది. ఈసారి తన పని వదలనంది. సరేనన్నాను.

సెలవు పెట్టి, మా కాలేజీ మేడమ్ సాయంతో మంచం సంపాదించి, ఇద్దరినీ నేనే తీసుకెళ్ళాను. ఫోటోలు తీసేవాళ్ళెవరూ రాలేదు. ఆపరేషన్ అయింది. చర్మం అతికింది. కట్టు విప్పి, కొన్ని వారాలు వ్యాయామం చేయించాక అక్కడి సర్జన్ చేతిని చాచమన్నాడు. పిల్ల చాచింది. సగం వరకు వచ్చి ఆగిపోయింది. ఆయన మెల్లగా నొక్కి చూశాడు. ఎముకల మధ్య కీలు బిగుసుకుపోయింది. నా వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు, "ఇంతకంటే రాదు సిస్టర్. ఆ మొదట్లో తెచ్చి ఉంటే పూర్తిగా వచ్చేది. తల్లిదండ్రులు ఇంత ఆలస్యం ఎందుకు చేస్తారో!"

తల్లి నన్నే చూస్తోంది. "ఏమంటుండు?"

చెప్పాను. ఒక్క మాట కూడా వదలకుండా, చివరి మాటతో సహా చెప్పాను. ఆలస్యం ఆమె చెయ్యలేదని డాక్టరుకు కూడా చెప్పాను. ఆయన అయ్యో అన్నాడు, తర్వాతి పేషెంటును పిలిచాడు.

తల్లి పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుని సగం దాకా చాచి చూసింది, మడిచి చూసింది. "సగం," అంది తెలుగులో. తర్వాత కోయలో కూతురితో ఇంకేదో అంది. అది నాకు అర్థం కాలేదు. అడగాలనీ అనిపించలేదు.

బస్సు స్టాండులో వాళ్ళను భద్రాచలం బస్సు ఎక్కించాను. సీటు దొరికింది. పిల్ల కిటికీ దగ్గర కూర్చుని, వేరుశెనక్కాయల పొట్లం ఎడమ చేత్తోనే అందుకుంది. బస్సు కదిలింది. తల్లి నా వైపు చూడలేదు, టికెట్ కొట్టే మనిషి కోసం ముందుకు చూస్తోంది.